"ఏం తక్కువ చేశాం వాళ్లకి?"

నెల కిందట ఒక పెళ్లిలో భోజనాల దగ్గర ఒక పెద్దాయన దొరల కోటల్లాంటి పాత గడీల ముచ్చట తీశారు. ఆ గడీల్లో వెట్టికి ఉంచుకున్న ఆడబాపల మాట ఎవరో ఎత్తితే, "తిండికా, బట్టకా, ఏం తక్కువ చేశాం వాళ్లకి? ఇంట్లో మనుషుల్లాగే ఉండేవాళ్లు" అన్నారు. దొర బిడ్డ అత్తారింటికి పోతుంటే సామానుతో పాటు పంపేసిన ఆడపిల్లల గురించి ఆ మాట! నాకు ముద్ద దిగలేదు. పెద్దాయన కదా అని ఊరుకున్నాను. ఊరుకోవడం తప్పే. అందుకే ఇప్పుడు ఓనా జడ్జ్ గురించి రాస్తున్నాను.

అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ భార్య మార్తా దగ్గర ఓనా బానిస. పుట్టింది వర్జీనియాలో, వాళ్ల మౌంట్ వెర్నన్ ఎస్టేట్‌లోనే. పదేళ్లకే పెద్దింటి పనిలో పెట్టారు. కుట్టుపనిలో దిట్ట. రాజధాని ఫిలడెల్ఫియాకు మారినప్పుడు ఆమెనూ తీసుకెళ్లారు. అక్కడి చట్టం ప్రకారం బానిసను ఆరు నెలలు వరసగా ఉంచితే విడుదల కోరే హక్కు వస్తుంది. ఆ గడువు నిండకముందే తమ బానిసలను ఏదో ఒక సాకుతో రాష్ట్రం దాటించి మళ్లీ తెచ్చేవారు. ఆ సంగతి వాళ్లకీ, జనానికీ తెలియకుండా చూడమని వాషింగ్టన్ 1791లో తన కార్యదర్శికి ఉత్తరం రాశాడు. స్వాతంత్ర్య యుద్ధం నడిపిన మనిషే ఈ పని చేశాడు.

1796లో మార్తా మనవరాలు ఎలైజాకు పెళ్లయింది. ఓనాను ఆమెకు ఇచ్చేయాలని అనుకున్నారు. ఆడబాపలు గుర్తొచ్చారా?

మే నెలలో ఇల్లంతా వర్జీనియా ప్రయాణానికి సామాన్లు సర్దుతోంది. ఓనా కూడా సర్దుకుంది, ఎక్కడికో తనకే తెలియదు. తన మూటలు ముందుగానే ఊళ్లోని నల్లజాతి స్నేహితుల ఇంటికి చేరవేసింది. దొరలు భోజనానికి కూర్చున్న సమయంలో గడప దాటింది. ఓడెక్కి న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. ఆ ఓడ కెప్టెన్‌కు శిక్ష పడుతుందేమోనని, ఆయన పోయేదాకా ఆ పేరు బయటపెట్టలేదు.

పేపర్లో ప్రకటన వేశారు. పట్టిస్తే 10 డాలర్లు. మొహం మీద మచ్చలు, గుబురు జుట్టు, రకరకాల మంచి బట్టలు, అన్నీ రాశారు. వెళ్లిపోతుందన్న అనుమానం లేదట, వెళ్లడానికి కారణమూ లేదట. సరిగ్గా మన పెద్దాయన మాటే.

తర్వాత ఒక అధికారి ద్వారా ఓనా ఒకే ఒక షరతు పెట్టింది: వాషింగ్టన్ దంపతుల తదనంతరం విడుదల చేస్తామని మాటిస్తే తిరిగొస్తానంది. వాషింగ్టన్ ఒప్పుకోలేదు. విశ్వాసం తప్పినదానికి బహుమానం ఇస్తే మిగతావాళ్లు ఏమనుకుంటారని ఆయన బాధ. 1799లో మార్తా మేనల్లుడు వచ్చి, వస్తే విడుదల చేస్తారని ఆశ చూపాడు. "నేను ఇప్పుడే స్వేచ్ఛగా ఉన్నాను, ఇలాగే ఉంటాను" అంది ఓనా. బలవంతంగా ఎత్తుకుపోతారని కబురు అందేసరికి గ్రీన్‌లాండ్ అనే ఊరికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత బతుకు పూలపాన్పేమీ కాదు. నావికుడైన భర్త తొందరగానే పోయాడు. పేదరికం వదల్లేదు. కానీ అక్కడే చదవడం నేర్చుకుంది. 1848లో చనిపోయేదాకా చట్టం లెక్కలో ఆమె పారిపోయిన బానిసే. ఇన్ని కష్టాలు పడ్డావు కదా, వచ్చినందుకు బాధపడుతున్నావా అని ముసలితనంలో అడిగితే లేదు అంది.

ఇక ఎలైజా దగ్గరికి ఓనా బదులు ఎవరు వెళ్లారో తెలుసా? ఓనా చెల్లెలే. ఆ పిల్ల పేరు ఫిలడెల్ఫియా.