బ్రాల్ అంటే కొట్టుకోవడం, కొట్టడం కాదు

కొన్నేళ్ల కిందట ఒక ఇంగ్లీషు వార్తా కథనాన్ని తెలుగు చేస్తూ, అందులోని ‘బ్రాల్’ అనే మాట దగ్గర క్షణమైనా ఆగకుండా ‘ఘర్షణ’ అని రాసి ముందుకు వెళ్లిపోయాను. అసలు సంగతి ఆ కథనం చివరి పేరాలో ఉంది. ఏడుగురు కలిసి ఒక మనిషిని కింద పడేసి కొట్టారు. అతడు తలకు చేతులు అడ్డం పెట్టుకోవడం తప్ప మరేమీ చేయలేదు. అచ్చయిన తరువాత చదువుకున్నప్పుడు, దెబ్బలు తిన్నవాణ్ని కూడా నా శీర్షిక కొట్లాటలో ఒక పక్షంగా నిలబెట్టిందని తెలిసి చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి ఈ మాట ఎక్కడ కనబడినా, అక్కడ జరిగింది నిజంగా బ్రాలేనా అని చూసుకుంటున్నాను. చాలాసార్లు కాదనే తేలుతోంది.

ఈ మాట పుట్టుకలో ఉన్నవి అరుపులే గాని దెబ్బలు కావు. 14వ శతాబ్దపు ఇంగ్లీషులో దీనికి కేకలు వేయడం, తిట్టిపోయడం, గట్టిగా జగడమాడడం అనే అర్థాలు ఉండేవి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో, సామెతల గ్రంథం 21వ అధ్యాయంలో, ‘బ్రాలింగ్ ఉమన్’ అన్న చోట తెలుగు బైబిలు ‘గయ్యాళి’ అంది. ఎంత చక్కని అనువాదమో చూడండి. గయ్యాళి చేయి చేసుకోనక్కరలేదు, ఆమె నోరే చాలు. షేక్‌స్పియర్ ‘యాజ్ యూ లైక్ ఇట్’ నాటకంలో అడవి వెంబడి పారే వాగుకు కూడా ఇదే క్రియను వాడాడు. మన కవుల సెలయేళ్లు గలగలలాడతాయి గాని, ఆ వాగు రాళ్లతో జగడానికి దిగినట్లు రొదపెడుతూ పోతుంది. అదే కాలంలో బ్రాల్ అనే పేరుతో ఒక నృత్యం కూడా ఉండేది. అది ‘బ్రాన్‌ల్’ అనే ఫ్రెంచి మాట మారిన రూపం, దీనికీ దానికీ చుట్టరికం లేదు.

మాటల జగడానికీ చేతుల జగడానికీ ఉన్న తేడాను పాత ఇంగ్లీషు చట్టం ఎంత శ్రద్ధగా పాటించిందో చూస్తే ఇప్పటి అజాగ్రత్త మరింత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 16వ శతాబ్దంలో, ఆరవ ఎడ్వర్డ్ పాలనలో, చర్చిలోనూ దాని ఆవరణలోనూ గొడవపడేవారిని శిక్షించడానికి ఒక చట్టం చేశారు. కేవలం మాటలతో బ్రాల్ చేసిన, మతాధికారి కాని సామాన్యుణ్ని కొంతకాలం చర్చిలోకి రానివ్వరు. చేయి చేసుకుంటే మతం నుంచి వెలివేస్తారు. ఆయుధంతో కొట్టినా, కొట్టే ఉద్దేశంతో దాన్ని దూసినా చెవి కోస్తారు. శిక్ష ఎంత క్రూరమైనదైనా, అరిచినవాణ్నీ కొట్టినవాణ్నీ ఒకే గాటన కట్టని వివేకం ఆ చట్టంలో ఉంది. ఇప్పటి ఇంగ్లండు, వేల్సులలో అమలులో ఉన్న 1986 నాటి పబ్లిక్ ఆర్డర్ చట్టమైతే పబ్లిక్ గొడవలను వేరే పేర్లతో విడదీసింది. ‘రయట్’ (అల్లర్లు) అనాలంటే కనీసం పన్నెండుమంది, ‘వయొలెంట్ డిజార్డర్’ (హింసాత్మక అలజడి) అనాలంటే కనీసం ముగ్గురు ఉండాలి. ‘అఫ్రే’కు ఒక్కడైనా చాలు, చూసే మామూలు ధైర్యం గల మనిషి తన భద్రత గురించి భయపడేటంత హింసకు అతడు దిగడమో, దిగుతానని బెదిరించడమో జరగాలి. వీటిలో దేన్నైనా బ్రాల్ అని రాసేవారు చట్టం కష్టపడి చేసిన విభజనను ఒక్క మాటతో చెరిపేస్తున్నారు.

నా అసలు అభ్యంతరానికి ఆధారం వ్యాకరణంలోనే ఉంది. బ్రాల్ అనే క్రియకు ఇంగ్లీషులో కర్మ ఉండదు. ఒకరితో బ్రాల్ చేయవచ్చు గాని, ఒకరిని బ్రాల్ చేయడం ఆ భాషలో కుదరదు. తెలుగు ఈ తేడాను ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. ‘అతణ్ని కొట్టారు’ అన్నప్పుడు కొట్టినవారూ దెబ్బలు తిన్నవారూ వేరు. ‘కొట్టుకున్నారు’ అన్నప్పుడు అందరూ రెండు పనులూ చేసినవారే. కొట్లాట, పోట్లాట, కుమ్ములాట, తోపులాట అనే మాటలన్నింటికీ కనీసం ఇద్దరు కావాలి. సంస్కృతం నుంచి వచ్చిన కేశాకేశి, దండాదండి వంటి సమాసాలలో ఒకే పదం రెండుసార్లు రావడంలోనే ఇరుపక్షాలూ ఉన్నాయి: ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటేనే కేశాకేశి, ఇద్దరి చేతుల్లోనూ కర్రలుంటేనే దండాదండి. ఇంత సూక్ష్మంగా చెప్పగల భాష చేతిలో ఉండి కూడా మనం ‘ఘర్షణ’ అనే నున్నని మాట వెనుక దాక్కోవడం నాకు మింగుడుపడదు.

నిజంగా బ్రాల్ జరిగిన చోట దానికి తగిన తెలుగు మాట సందర్భాన్ని బట్టి మారుతుంది. దెబ్బలకన్నా అరుపులు ఎక్కువైతే ‘రభస’ సరిపోతుంది, పిడిగుద్దులైతే ‘కొట్లాట’, పరువు గల పెద్దమనుషులు సభలో కలియబడితే పత్రికలకు అలవాటైన ‘బాహాబాహీ’ చక్కగా అతుకుతుంది. ‘దొమ్మీ’కి కేసుల వాసన ఉంది కనుక జాగ్రత్తగా వాడాలి. ‘పోరాటం’ అని మాత్రం రాయకూడదు. పోరాటానికి ఒక ఉద్దేశం, ఒక గౌరవం ఉంటాయి. అప్పటికప్పుడు రేగి, ఎవరు ఎవరిని ఎందుకు కొడుతున్నారో తెలియకుండా ముగిసే బ్రాల్‌కు అవి ఉండవు.

ఎవరు మొదలుపెట్టారో తెలియనప్పుడు తటస్థంగా ఉండే మాట వాడక తప్పదని వార్తలు రాసే మిత్రులు అంటారు. తెలియనప్పుడు తెలియదనే రాయాలి. ఒకరినొకరు కొట్టుకున్నారని రాయడం తటస్థత కాదు. దెబ్బలు తిన్న మనిషి కూడా కొట్టాడని చెప్పడమే అవుతుంది, దానికీ రుజువు కావాలి. నా ఆ పాత శీర్షికను ఇప్పుడు రాస్తే ‘ఒకరిపై ఏడుగురి దాడి’ అని రాస్తాను. దానికి మూడు మాటలు చాలు.