పుట్టని చెట్లను తాకట్టు పెట్టిన పొయ్యి గారికి

మహారాజశ్రీ హోనువా ఓలా కట్టెల కరెంటు కేంద్రం గారి సముఖానికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేం క్షేమం. హవాయి పెద్ద దీవిలో, హిలోకి ఉత్తరాన పెపెకియో తీరంలో తమరు క్షేమమని తలుస్తాను. దీవికి ఒక్క యూనిట్ కూడా అమ్మలేదు కనక బూడిద సంగతి అడగను.

తమరి పేరు బాగుంది. ముందు హు హోనువా, తర్వాత హోనువా ఓలా. అక్కడివాళ్ళ భాషలో హోనువా అంటే భూమి, ఓలా అంటే ప్రాణం. బారసాల చేయించిన పంతులెవరో గానీ, పొగగొట్టానికి ఆ పేరు పెట్టాలంటే గుండె ఉండాలి.

వంశమూ గొప్పదే. తమరున్న చోట ఒకప్పుడు చక్కెర కంపెనీ బాయిలర్లలో చెరుకు పిప్పి మండింది, తర్వాత బొగ్గు మండింది. 1994లో మీ హమాకువా తీరంలో చెరుకు సాగు పోయింది. ఆ నేలల్లోకి జామాయిల్ వచ్చింది. ఈ చెట్టు మాకు కొత్త కాదులెండి. కాగితం మిల్లు కోసం జామాయిల్ వేసిన ఖమ్మం రైతునడగండి, మోడు చిగురేసి మళ్ళీ కోతకు రావడానికి నాలుగేళ్ళ పైమాటేనంటాడు. తమరి పొయ్యిలో అది కాలడానికి ఎంతసేపు?

తమరి పద్దు మాత్రం అద్భుతం. చెట్టు పెరిగేటప్పుడు బొగ్గుపులుసు వాయువు పీల్చింది, కాలేటప్పుడు అదే వదిలింది, చెల్లుకు చెల్లు. పచ్చి కట్టెతో యూనిట్ కరెంటు తీస్తే గొట్టంలోంచి వచ్చే ఆ వాయువు బొగ్గుకంటే ఎక్కువేనన్నది పద్దులో కనపడదు. ముప్పై ఏళ్ళలో తమరు వదిలేది 80 లక్షల టన్నుల పైన. అదంతా నాటబోయే చెట్లు పీల్చేయగా, ఇంకో 30 వేల టన్నులు అదనంగా కూడా పీలుస్తాయని హామీ!

ఈ పద్ధతి నేనూ మా వీధి కిరాణా కొట్లో ప్రయత్నించాను. "బియ్యం, నూనె ఇవాళ పట్టుకెళ్తా. బాకీ మా అబ్బాయి తీరుస్తాడు, పైన కిలో పప్పు ఎక్కువే ఇస్తాడు," అన్నాను.

"అబ్బాయి ఏం చేస్తున్నాడు బాబూ?" అన్నాడు షావుకారు.

"నాకింకా పెళ్ళి కాలేదండీ."

ఆయన సోమలింగం సామెత ఎత్తుకున్నాడు. సంచీ ఖాళీగానే తెచ్చుకున్నాను. కరెంటు ఒప్పందాలకు అనుమతిచ్చే హవాయి యుటిలిటీస్ కమిషన్ అంత కటువు కాదు, 2017లో తమరు కరెంటు అమ్ముకునే ఒప్పందానికి సరేనంది. లైఫ్ ఆఫ్ ది ల్యాండ్ అనే పర్యావరణ సంస్థ కోర్టుకెక్కితే, పొగ లెక్క చూడకుండా ఎలా ఒప్పుకున్నారని 2019లో హవాయి సుప్రీంకోర్టు అడిగింది. 2020లో కమిషన్ కాదంది. కోర్టు మళ్ళీ చూడమంది. 2022 మేలో కమిషన్ చూసి, ధరా ఎక్కువే పొగా ఎక్కువే అంది. 2023 మార్చిలో కోర్టు దానికి తలూపింది. అప్పటికి తమరి యజమానులు 50 కోట్ల డాలర్ల పైన పోశామంటున్నారు. ఇన్నేళ్ళలో అక్కడ జామాయిల్ ఎన్ని అడుగులు ఎదిగిందో!

తమరిని కోరుకున్నవాళ్ళను నేను వెక్కిరించను. ఓడల్లో వచ్చే చమురు మీద బతికే దీవి అది. చెరుకు పోయిన ఊళ్ళో నాలుగు ఉద్యోగాలొస్తాయంటే ఎవరికి చేదు? 2045 కల్లా కరెంటంతా పునరుత్పాదకమే కావాలని 2015లో చట్టం కూడా చేసుకున్నారు. ఆ పంక్తిలో ఎండా గాలీ పక్కన కట్టెకూ విస్తరేశారు.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఆ దీవి అడుగునే నిప్పుంది. అక్కడి పూనా అనే ప్రాంతంలో నేల వేడితోనే కరెంటు తీస్తున్నారు. 2018లో కిలవేయా అగ్నిపర్వతం లావా మీదికొచ్చి మూయిస్తే, 2020లో మళ్ళీ మొదలెట్టారు. అలాంటి చోట కట్టెల అడితి పెట్టాలని తమరికి ఎలా తోచింది?

జవాబుకు తొందరేం లేదు. బాకీ తీర్చబోయే ఆ చెట్ల చేతే రాయించండి. ముందు నాటించండి మరి.

ఇట్లు,
ఖాళీ సంచీతో తిరిగొచ్చిన
ఒక బ్రహ్మచారి