కొండకు నోటీసు ఇవ్వాల్సిందే

మా ఇంటి వెనక కొండ మా స్థలాన్ని ఆక్రమిస్తోంది. ఊరికే అనడం లేదు, రుజువులున్నాయి. పోయిన వానాకాలంలో మూడు విడతలుగా రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి, ఒక చింత మొద్దు, లెక్కపెట్టనన్ని రాళ్లు మా పెరటి షెడ్డులోకి వచ్చి చేరాయి. ప్లాను అప్రూవల్ లేదు, కనీసం గేటు తట్టడం కూడా లేదు. ఇదే పని మనిషి చేస్తే పొక్లెయిన్ వచ్చేస్తుంది. కొండ చేస్తే ‘ప్రకృతి’ అంటున్నారు.

దీని పూర్వాపరాలు విచారించాను. విశాఖ కొండల్లో ఎక్కువగా ఉండే రాయిని ఖొండలైట్ అంటారట. వయసు వంద కోట్ల ఏళ్ల లెక్కలో ఉంటుందట. ఇన్నాళ్లుగా ఇక్కడే ఉంటూ ఒక్క లింకు డాక్యుమెంటు సంపాదించలేదు, ఇంటి పన్ను కట్టిన రసీదు లేదు. పోనీ నిలకడైనా ఉందా అంటే అదీ లేదు. ఒకచోట గునపం దిగనంత గట్టి. నాలుగడుగులు పక్కకు జరిగితే అదే రాయి ఎండకూ వానకూ పుచ్చిపోయి, గోటితో గీరితే రాలే సుద్దగా, ఎర్రమట్టిగా మారి ఉంటుంది. ఇలాంటి దాని పక్కన సంసారులు ఎలా ఉండాలి?

మేం కొన్నప్పుడు కొండ ఇలా లేదు. అంటే ఇలాగే ఉండేది, కాకపోతే బ్రోకరు దాన్ని ‘వ్యూ’ అన్నాడు. విశాఖలో ఆరిలోవ వైపు ఈ ధరకు సముద్రం కనిపించే సైటు ఇంకెక్కడా దొరకదన్నాడు. అబద్ధం కాదు. టెర్రస్ మీద వాటర్ ట్యాంకు ఎక్కి, పాదాల మునివేళ్ల మీద నిలబడితే బెత్తెడు నీలం కనిపిస్తుంది.

మొదటి తప్పు కొండదే. అది ఈశాన్యంలో ఉంది. ఈశాన్యం పల్లంగా, నైరుతి ఎత్తుగా ఉండాలన్న సంగతి దానికి ఎవరూ చెప్పినట్టు లేదు. సిద్ధాంతి గారు వచ్చి చాలాసేపు కళ్లు మూసుకుని, కొండను దించలేం కనుక నైరుతిని లేపమన్నారు. నైరుతి అంటే మా సైటులో లోయ వైపు. కొండను చెక్కిన మట్టినంతా అటు పోసి ఆరడుగులు లేపాం. ఇంజనీరు కుర్రాడు అడ్డుపడ్డాడు.

“సార్, వెనక పిల్లర్లు రాతి మీద నిలబడతాయి, ముందు పిల్లర్లు మొన్న పోసిన మట్టి మీద. రాయి దిగదు, మట్టి దిగుతుంది. ఇల్లు మధ్యలో చిరుగుతుంది. పునాది పుటింగులు మెట్లు మెట్లుగా వేసుకుంటూ, ప్రతిదీ గట్టి నేల తగిలేదాకా దింపాలి.”

ముందు వైపు గట్టి నేల పధ్నాలుగు అడుగుల కింద ఉంది. లెక్క వేసి చూస్తే ఆ డబ్బుతో ఎలివేషన్‌కి అద్దాలూ గ్రానైటూ వచ్చేస్తున్నాయి. భూమిలో పూడ్చిన కాంక్రీటును చూసి గృహప్రవేశానికి వచ్చిన చుట్టాల్లో ఎవరైనా కుళ్లుకుంటారా? అందుకని అద్దాలే పెట్టించాం. చుట్టాలు కుళ్లుకున్నారు. ఏడాది తిరక్కుండా హాల్లో కిటికీ మూల నుంచి ఐమూలగా పైకి ఒక గీత పాకింది. మేస్త్రీ దాన్ని ప్లాస్టరింగు పగులు అన్నాడు. మొదట్లో వెంట్రుక దూరేది కాదు. ఇప్పుడు కరెంటు బిల్లులు అందులోనే దాచుకుంటున్నాం.

స్లాబు వేసిన రోజు గురించి చెప్పాలి. కాంక్రీటు కలిపే మిల్లరు కింద రోడ్డు మీద, స్లాబు 92 మెట్ల పైన, మధ్యలో నెత్తిన తట్టలతో పదహారు మంది. సిమెంటు నీళ్లు తగిలిన అరగంట లోపు బిగియడం మొదలుపెట్టకూడదని ప్రమాణం ఉంది. ఆ తర్వాత ఎప్పుడు మొదలుపెట్టినా అడిగే హక్కు మనకు లేదు. మే నెల ఎండలో, మధ్యలో ఒక టీ విరామంతో, మాల్ పైకి చేరేసరికి తట్టకు అంటుకుని రానంది. మేస్త్రీ జాలిపడ్డాడు.

“ఇన్ని మెట్లెక్కి కాంక్రీటు అలిసిపోయింది బాబూ. రెండు బకెట్లు నీళ్లు తాగనియ్యండి.”

తాగనిచ్చాం. ఇడ్లీ పిండిలా ఉండాల్సింది చింతపండు పులుసులా జారింది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! వైబ్రేటరు అవసరమే రాలేదు, దానంతటదే సర్దుకుంది. సిమెంటుకు అక్కర్లేని ఆ నీరు తర్వాత ఆవిరైపోయి స్లాబులో సన్నటి ఖాళీలు వదిలి వెళుతుందని, బలం అక్కడే పోతుందని ఇంజనీరు ఏదో అన్నాడు. సముద్రపు గాలి తగిలే చోట కాంక్రీటు బలం ఎం30 గ్రేడుకు తగ్గకూడదనీ, ఇనుప ఊచ చుట్టూ 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర, అంటే కవరు, ఉండాలనీ కాంక్రీటు పనుల ప్రమాణమైన ఐఎస్ 456 పుస్తకం తెరిచి చూపించాడు. మేస్త్రీ ఆ పుస్తకం కేసి చూసి, “ఇది ఢిల్లీలో రాసింది బాబూ, అక్కడ సముద్రం లేదు కదా” అన్నాడు. వాదన బలంగా అనిపించింది. కవరు బ్లాకుల బదులు విరిగిన టైలు ముక్కలు పెట్టాం, కొన్నిచోట్ల అవీ పెట్టలేదు. ఇంత చెప్పిన కుర్రాడు తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఈ కాలం పిల్లలకు ఓపిక తక్కువ. తడపడం మూడు రోజులు సాగింది. కనీసం ఏడు రోజులన్నారు గానీ నాలుగో రోజు ట్యాంకరు రాలేదు.

ఇక గోడ. అసలు నేరం ఇక్కడే జరిగింది, ఇక్కడా ముద్దాయి కొండే.

కొండ జారకుండా వెనక మూడు మీటర్ల ఎత్తున, పన్నెండు మీటర్ల పొడవున రిటైనింగ్ వాల్ కట్టించాం. ఇంజనీరు ఫోన్ ఎత్తే రోజుల్లోనే దానికీ ఒక కాగితం రాసిచ్చాడు. గోడ వెనక కంకర నింపాలి, మీటరున్నరకు ఒకటి చొప్పున పీవీసీ పైపులు పెట్టాలి, మట్టిలోకి దిగిన వాన నీరు వాటిలోంచి బయటికి రావాలి. రాకపోతే? దీనికీ లెక్క ఉంది. గోడ వెనక మూడు మీటర్లూ నీరు నిలిచిందంటే, ఆ నీరొక్కటే గోడ పొడవు ప్రతి మీటరు మీదా నాలుగున్నర టన్నుల బరువుతో నెడుతుంది. ఒక మోస్తరు ఏనుగు అంత. మా గోడకు పన్నెండు ఏనుగులు. వీటికి మట్టి తోపు అదనం.

నీరు ఎక్కడి నుంచి వస్తుందన్నది మాకు ముందు అర్థం కాలేదు. ఎండాకాలమంతా మేం ట్యాంకర్లు కొనుక్కునే వాళ్లం కదా! మా గోడకు ఎగువన 200 చదరపు మీటర్ల కొండ వాలు ఉందనుకోండి. ఒక వాయుగుండానికి పది సెంటీమీటర్ల వాన పడితే అక్కడ కురిసేది 20 వేల లీటర్లు. నాలుగు పెద్ద ట్యాంకర్లు, ఉచితంగా, అర్ధరాత్రి, ఇంటి దాకా డెలివరీ. పూర్వం ఈ నీరు పోవడానికి పక్కనే గెడ్డ, అంటే కొండవాగు, ఉండేది. దాని మీద స్లాబు వేసి మా వీధి వాళ్లం పార్కింగు చేసుకున్నాం. పాతకాలపు గెడ్డ, ఎవరూ వాడుకోవడం లేదని.

“గోడకు కన్నాలేటి బాబూ, పాములు దూరతాయి” అన్నాడు మేస్త్రీ. ఇంజనీరు మనసు నొప్పించడం ఎందుకని మూడు పైపులు పెట్టించాం. మొదటి వానకే వాటిలోంచి ఎర్ర నీళ్లు కారి, దంతపు రంగు గోడ మీద చారలు పడ్డాయి. చూసిన వాళ్లు పాన్ ఉమ్మారనుకుంటున్నారని మా ఆవిడ బాధపడింది. మూడు కన్నాల్లోనూ సిమెంటు కుక్కి మళ్లీ రంగు వేయించాం. ఇప్పుడు గోడ బోర్లించిన పళ్లెంలా నున్నగా ఉంటుంది. మధ్యలో కాస్త ముందుకు ఉబ్బింది గానీ దూరం నుంచి చూస్తే డిజైను అనుకుంటారు.

మాకు నలభై మెట్ల పైన ఒక మామ్మ ఉంటుంది. రేకుల ఇల్లు, దాని వెనక వాళ్ల మావ పేర్చిన రాతి గోడ. సిమెంటు లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి, కొండ వైపుకు కాస్త వాలి ఉంటుంది. వాన పడితే ప్రతి సందులోంచీ నీరు కారుతుంది. అసహ్యంగా ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి కైలాసగిరి కొండ మీద చెట్లను పడగొట్టిన రోజున కూడా ఆ గోడ అలాగే కారుతూ నిలబడింది. “గోడ ఇంత కారుతుంటే భయం వెయ్యదా మామ్మా?” అని అడిగాను. “కారడం ఆగిపోతే భయం నాయనా” అంది. పెద్దావిడ, కాంక్రీటు గురించి ఆవిడకేం తెలుసు!

2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున సింహాచలంలో చందనోత్సవం క్యూలో నిలబడ్డవాళ్ల మీద, వానకు గోడ కూలి ఏడుగురు చనిపోయారు. ఆ వారమంతా మా వీధిలో అందరూ తమ గోడలను తట్టి చూసుకున్నారు. తర్వాతి వారం రంగులు వేయించుకున్నారు.

మొన్నామధ్య ఒక ఆదివారం మా అసోసియేషన్ మీటింగు పెట్టాం. వెనక వీధి రిటైర్డు హెడ్మాస్టరు గారు, గెడ్డ మీద స్లాబు తీసేసి గోడలకు కన్నాలు పెట్టిద్దామన్నారు. మరి కార్లు ఎక్కడ పెట్టుకోవాలి? ఆ ప్రతిపాదన వీగిపోయింది. ఏకగ్రీవంగా మూడు తీర్మానాలు చేశాం. కొండ తన వాలును నిబంధనల ప్రకారం క్రమబద్ధీకరించుకోవాలి. మా షెడ్డులో వేసిన మట్టిని సొంత ఖర్చుతో వెనక్కి తీసుకుపోవాలి. పదిహేను రోజుల్లో లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. నోటీసును ల్యామినేషన్ చేయించి, వెనక గోడ ఉబ్బిన చోట, బాగా కనిపిస్తుందని, నాలుగు మేకులు కొట్టి తగిలించాం. నాలుగో మేకు కొడుతుంటే ఆ కన్నంలోంచి సన్నగా నీటి ధార కొట్టింది. మా ఆవిడ గుడ్డ తెచ్చి కుక్కింది.

గడువు గురువారంతో ముగుస్తుంది. కొండ నుంచి ఇంకా జవాబు లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని మాత్రం టీవీలో చెబుతున్నారు.