ఆ పిల్లలకూ అడవి కావాలి

‘ఆడ మెట్లుండాయా?’ తిరుపతిలోనో చిత్తూరులోనో వీల్‌చైర్‌లో తిరిగే బిడ్డ ఉన్న ఇంటికి వెళ్లి, ఆదివారం అందరం కలిసి ఎక్కడికైనా పోదామా అని అడిగితే ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. ఎంత దూరం, ఎంత ఖర్చు అన్నవి తర్వాత. రెండో ప్రశ్న మరుగుదొడ్డి గురించి. ఈ రెండింటికీ నమ్మకంగా జవాబు చెప్పగలిగేవారు ఉండరు. కాబట్టి ‘మీరు పోయి రాండి, మేము ఇంకోసారి వస్తాం’ అనే మాటతో అది ముగిసిపోతుంది. ఆ ఇంకోసారి ఏళ్ల తరబడి రాదు. ఆ బిడ్డకు తెలిసిన లోకం ఆసుపత్రి, ఫిజియోథెరపీ గది, అదృష్టం ఉంటే బడి. కొండ పాదాల దగ్గరే పుట్టి పెరుగుతున్నా శేషాచలం ఆ బిడ్డకు మేడమీది కిటికీలోంచి కనిపించే నీలం గీతగానే మిగిలిపోతోంది.

నడవలేని మనిషిని చేరవలసిన చోటికి చేర్చడం ఈ ఊరికి తెలియని విద్య కాదు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా అలిపిరి మెట్లు ఎక్కలేనివారు డోలీల్లో కొండెక్కారు. 1974లో రెండో ఘాట్ రోడ్డు తోడైంది. ఇవాళ తిరుమలలో వృద్ధులకు, దివ్యాంగులకు విడిగా దర్శనం ఏర్పాటు ఉంది. ఎముకలు, కీళ్ల చికిత్సకు దూరప్రాంతాల నుంచి పిల్లలను తీసుకొచ్చే బర్డ్ ఆసుపత్రి ఇక్కడే ఉంది. ఇంత చేయగలిగిన ఊరిలో ఈ శ్రద్ధ వైద్యం దగ్గర, దైవదర్శనం దగ్గర ఆగిపోయింది. ఆట దాకా రాలేదు. వీల్‌చైర్‌లో ఉన్న పిల్లకు మందు కావాలని, మొక్కు కావాలని అందరికీ తోస్తుంది. వానలో తడవాలని, సింహం గర్జన విని అదిరిపడాలని, బట్టలకు బురద పూసుకుని ఇంటికి రావాలని ఆ పిల్లకూ ఉంటుందన్నది మాత్రం ఎవరికీ తట్టడం లేదు.

చట్టానికి తట్టింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితం, వినోదం గురించి చెబుతూ, స్కౌటింగ్‌తో పాటు ఆరుబయట శిబిరాల్లో, సాహస కార్యక్రమాల్లో దివ్యాంగులు పాల్గొనేలా చూడడం ప్రభుత్వాల, స్థానిక సంస్థల బాధ్యత అంటుంది. సాహసం అన్న మాట చట్టంలోనే ఉంది. ఆ చట్టం కింద నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అప్పటికే ఉన్న ప్రజాభవనాలను అందరూ వాడుకోగలిగేలా మార్చడానికి ఇచ్చిన అయిదేళ్ల గడువు 2022లోనే తీరిపోయింది. ఈ ప్రమాణాలు ఇష్టమైతే పాటించే సూచనలుగా ఉండకూడదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కూడా తేల్చిచెప్పింది. హక్కు ఉందా లేదా అన్న చర్చ ముగిసిపోయింది. మిగిలింది దారి వేయడమే.

దారి అంటే గేటు దగ్గర ఒక వాలు కట్టేసి చేతులు దులుపుకోవడం కాదు. అడుగు ఎత్తు ఎక్కాలంటే వాలు కనీసం 12 అడుగుల పొడవు సాగాలి. మన ఊళ్లలో ర్యాంపుల పేరుతో కట్టినవి చాలావరకు స్కూటర్లు ఎక్కించుకోవడానికి పనికొస్తాయే తప్ప, వాటి మీద బిడ్డ కూర్చున్న కుర్చీని ఒక తల్లి ఒంటరిగా తోసుకుని ఎక్కలేదు. పార్కుల్లోకి మోటార్ సైకిళ్లు రాకుండా గేటు దగ్గర ఇనుప కమ్మీలు పాతుతారు. అవి వీల్‌చైర్‌నూ ఆపేస్తాయి. పెద్ద గేటు తాళం తీయమని కాపలాదారుని బతిమాలుకోవాలి. తాళంచెవి ఉన్నాయన భోజనానికి పోయుంటాడు. ఆ పదిహేను నిమిషాలు ఎండలో కాచుకున్న బిడ్డ వచ్చే ఆదివారం ‘పార్కుకు పోదాం’ అని అడగదు.

అన్నింటికన్నా కఠినమైనది మరుగుదొడ్డి. దీన్ని సంపాదకీయంలో రాయడమేమిటని ఎవరైనా అనుకుంటే, పదేళ్ల కూతురిని ఎత్తుకుని బయలుదేరే తల్లి మాట ఒకసారి వినాలి. పొద్దున్నుంచీ ఆ పిల్లకు గుక్కెడు నీళ్లు పట్టదు. పట్టితే మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుంది. వెళ్లాల్సి వస్తే తలుపు ఇరుకు, లోపల తడి, పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. డైపర్ మార్చాలంటే పసిబిడ్డల బల్ల సరిపోదు. పదేళ్ల పిల్లను కారు వెనక సీటులో తువ్వాలు అడ్డం పెట్టి మార్చడం ఆ పిల్లకు ఎంత సిగ్గో పెద్దలకు తెలియాలి. మన రాయలసీమ ఎండల్లో నీళ్లు తాగకుండా రోజంతా బయట ఉండడం ఎవరికైనా ప్రమాదమే. వెన్నుపాము దెబ్బతిన్న పిల్లల్లో చాలామందికి చెమట సరిగా పట్టదు, కాళ్లకు వేడి తెలియదు. ఎండలో కాగిన ఇనుప ఫుట్‌రెస్టు చర్మాన్ని కాల్చినా ఇంటికి వచ్చి చూసేదాకా తెలియదు. అందుకే మనిషి పడుకోగలిగినంత బల్ల, వెడల్పాటి తలుపు, పొడి నేల ఉన్న ఒక్క మరుగుదొడ్డిని, దాని పక్కన నీడను, తాగునీటిని ఏ విహారస్థలానికైనా మొదటి పనిగా కట్టాలి. తలుపు మీద వీల్‌చైర్ బొమ్మ గీసి లోపల చీపుర్లు, బకెట్లు పెట్టుకునే అలవాటు పోవాలి.

ఈ ప్రాంతానికి ప్రకృతి చేసిన మేలు తక్కువేమీ కాదు. 1987లో మొదలైన శ్రీవేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 5,500 ఎకరాలకు పైగా విస్తరించింది. కొండ నీడలో అంత చోటు ఉన్న జూ దేశంలో అరుదు. అక్కడ ఒక్క కిలోమీటరు దారిని గతుకులు లేకుండా, మధ్య మధ్య నీడతో, కుర్చీలో కూర్చున్న పిల్ల కంటి ఎత్తుకు అడ్డుగోడలు రాకుండా తీర్చిదిద్దవచ్చు. బ్యాటరీ బండ్లలో ఒకటైనా పిల్లను కుర్చీతో సహా ఎక్కించుకునేదిగా ఉండాలి. కుర్చీని కిందే వదిలి పిల్లను ఎత్తి సీటులో కూర్చోబెడితే, మెడ నిలవని బిడ్డ మలుపు మలుపుకూ ఒరిగిపోతుంది. చంద్రగిరిలో రాజమహల్ ముందు పచ్చిక ఉంది. పై అంతస్తులకు మెట్లు ఎక్కలేని పిల్లలకు కింది గదిలోనే పైవన్నీ చూపే ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చు కాదు. వానలు పడ్డ రోజుల్లో కపిలతీర్థం జలపాతం తుంపర ముఖాన పడే దూరం దాకా చక్రాలు వెళ్లగలగాలి. నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రంలో గూడబాతులను చూడడానికి వాచ్ టవర్ ఎక్కలేకపోయినా, చెరువు కట్ట మీద చదునైన దారి ఉంటే చాలు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ కోతలో, కోట్లాది ఏళ్ల విరామంతో ఒకదాని మీద ఒకటి పేరుకున్న రెండు రాతి పొరలు కనిపిస్తాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దూరదేశాల్లో కూడా చెప్పుకునే దృశ్యం అది. దాన్ని చూడడానికి ఎక్కడం అక్కర్లేదు. కారు ఆపి కుర్చీ దించుకునేంత చోటు, పిల్లలకు అర్థమయ్యే తెలుగు బోర్డు ఉంటే చాలు.

తలకోన సంగతి వేరు. 270 అడుగుల పైనుంచి దూకే ఆ నీటి దగ్గరికి చేరాలంటే మెట్లు, బండరాళ్లు దాటక తప్పదు. అడవిని సిమెంటుతో కప్పమని మేము అడగడం లేదు. కప్పకూడదు కూడా. ఫ్రాన్స్‌లో 1987లో ఒక పర్వత గైడు, కండరాల క్షీణతతో బాధపడే తమ ఇంటి పిల్లవాడిని కొండల్లోకి తీసుకెళ్లడానికి ఒంటిచక్రం కుర్చీ ఒకటి తయారుచేశాడు. జోలెట్ అంటారు. బరువంతా మధ్యలోని చక్రం మీద ఉంటుంది, ముందొకరు లాగుతారు, వెనకొకరు నిలకడ చూస్తారు. మన డోలీకి చక్రం తగిలిస్తే ఎలా ఉంటుందో అదీ అలాగే ఉంటుంది. తరతరాలుగా డోలీలు మోసిన భుజాలున్న ఈ నేల మీద అలాంటి కుర్చీలు రెండు తలకోనలో ఉంచి, అడవి అంచు పల్లెల యువకులకు శిక్షణ ఇచ్చి, కూలి కట్టి ఇవ్వలేమా? ఆ యువకులకు ఉపాధి, ఆ పిల్లకు అడవి.

ఇక్కడికి నాలుగు గంటల దూరంలోని చెన్నై మెరీనా చూడండి. వీల్‌చైర్ చక్రం ఇసుకలో దిగబడుతుంది కాబట్టి 2022 నవంబరులో అక్కడ కెరటాల దగ్గర దాకా చెక్కదారి వేశారు. కొద్దిరోజులకే తుపాను దాన్ని దెబ్బతీసింది. మళ్లీ బాగుచేశారు. ఆ రెండోది మొదటిదానికన్నా మాకు ఎక్కువ నచ్చింది. దారి వేయడం ఒక రోజు పండుగ, దాన్ని నిలబెట్టుకోవడం రోజూ చేయాల్సిన పని.

తల్లిదండ్రులతోనూ, బడులతోనూ ఒక మాట. విహారయాత్ర ప్రకటించినప్పుడు వీల్‌చైర్ పిల్లను ‘నీకు కష్టమమ్మా, ఇంటి దగ్గరే ఉండు’ అని ప్రేమగానే పక్కనపెడతారు. ఆ ప్రేమ ఆ పిల్లను ఎంత బాధిస్తుందో మర్నాడు బడిలో మిగతావాళ్లంతా యాత్ర కబుర్లు చెప్పుకునే వేళ తెలుస్తుంది. అందరూ వెళ్లగలిగే చోటునే యాత్రకు ఎంచుకోవాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల టీచర్లకు ఏ పిల్లకు ఏం కావాలో తెలుసు. స్థలం నిర్ణయించే ముందే వారిని పిలిచి అడగాలి. ఇక భయమంటారా, కాస్త భయం పిల్లల హక్కు. కుదుపుకు కేరింత కొట్టే అవకాశాన్ని భద్రత పేరుతో లాగేసుకోకూడదు. పట్టీ సరిగా కట్టామా, బ్రేకు పనిచేస్తోందా, డాక్టరును అడిగామా అన్నవి చూసుకుంటే చాలు.

ప్రభుత్వం చేయాల్సింది చేయడానికి సమయం పడుతుంది. ఈలోగా కార్తీకం వస్తుంది. ఎండ తగ్గి, వాగులు పారే ఆ నెలలో కాలనీలు, ఉద్యోగ సంఘాలు, కుల సంఘాలు తోటలకు వనభోజనాలకు తరలిపోతాయి. ఈసారి తోట చూసి రావడానికి వెళ్లేవారు ఒక టేపు పట్టుకెళ్లండి. గేటు వెడల్పు మూడడుగులు ఉందా, గేటు నుంచి ఉసిరి చెట్టు దాకా నేల గట్టిగా ఉందా చూడండి. కాలువ అడ్డం వస్తే రెండు బలమైన పలకలు వేయండి. మరుగుదొడ్డి తలుపు కొలవండి. ఆ తర్వాత మీ వీధిలో ఆ బిడ్డ ఉన్న ఇంటికి వెళ్లి, వాళ్లు అడగకముందే చెప్పండి: ‘ఆడ మెట్లు లేవు. చూసొచ్చినాం. మీరూ రాండి.’