బ్యాచ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బ్యాచ్ గారి సముఖమునకు,

నెల్లూరు నుంచి రాసుకునేది. ఇక్కడ అందరం క్షేమం. తమరి క్షేమం అడగాల్సిన పనే లేదు, ఊళ్లో ఎవరు నోరు తెరిచినా తమరే కనిపిస్తున్నారు.

తమరు పుట్టింది రొట్టెల పొయ్యి దగ్గరంట గదా. ఇంగ్లీషువాళ్లు ఒక్కసారికి కాల్చిన రొట్టెలన్నిటికీ కలిపి తమరి పేరు పెట్టుకున్నారు. ఆ పనికి మా వంటిళ్లలో ‘వాయి’ ముందునుంచే ఉంది. రొట్టెల సంగతి మాకు చెప్పాలా? మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు కాడ, బారాషహీద్ దర్గా దగ్గర, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె అని కోరికకో పేరు పెట్టి పంచుకునే ఊరు మాది. రొట్టెలకే అన్ని పేర్లు పెట్టుకున్నోళ్లం, మనుషుల దగ్గరికొచ్చేసరికి తమరొక్కరితో సరిపెట్టేశాం.

పేర్లు లేకా? గొర్రెలకు మంద, చీమలకు బారు, మిడతలకు దండు. రైసుమిల్లులో బస్తాలు మోసేవాళ్లది ముఠా. పాపం, చెమటోడ్చే ఆ మాటని పేపర్లవాళ్లు దొంగలకీ తగిలించారు. తమరికి ఆ బెంగ లేదు, ‘బ్లేడు బ్యాచ్’ అనే బిరుదు ఉండనే ఉంది.

తమరి ప్రతిభ మాత్రం ఒప్పుకోవాల్సిందే. గుంపు అనాలంటే నలుగురన్నా కావాలి, తమరికి ఒకడు చాలు. టీ తాగి డబ్బులియ్యకుండా జారుకునేవాణ్ణి చూపించి ‘వాడదో బ్యాచ్‌లే సామీ’ అంటే వాడి జాతకం మొత్తం చెప్పినట్టే. ముందు ‘మా’ పెడితే పదో తరగతి స్నేహం, ‘ఆ’ పెడితే పాత పగ. ‘ఏం బ్యాచ్‌రా మీరు!’ అన్నది తిట్టో మెచ్చుకోలో అన్నవాడి మొహం చూస్తేగాని తెలీదు. మాత్రల అట్ట మీద నంబరేసుకుని బుద్ధిగా కూర్చునేదీ తమరే. అక్కడ పక్కనే గడువు తేదీ వేస్తారు. ఓవరాక్షన్ బ్యాచ్‌కి ఎవరూ వెయ్యరేం?

ఇదంతా ఓర్చుకున్నాం. మొన్న కల్యాణ మండపంలో మాత్రం ప్రాణం ఉసూరుమంది. పెళ్లికొడుకు మేనమామ, భుజాన తువ్వాలు, చేతిలో నెయ్యి గిన్నె, గుమ్మంలోకొచ్చి ‘ఫస్ట్ బ్యాచ్ లేచింది, సెకండ్ బ్యాచ్ రండబ్బా!’ అని కేకేశాడు. ఆ చోట, వరసగా కూర్చుని తినేవాళ్లకి, ‘బంతి’ అనే మాట ఉండేది సామీ. మొదటి బంతివాళ్లకు వేడి గారె, కడబంతివాళ్లకు సాంబారు అడుగు. అందుకే గదా, వడ్డించేవాడు మనవాడైతే కడబంతైనా పర్లేదన్నారు. రేపు మా మనవలు ఆ సామెతలో ‘లాస్ట్ బ్యాచ్’ అని చదువుకోవాలా?

కోచింగ్ సెంటర్లు తమరివే. రొయ్యల హేచరీలు తమరివే. పొద్దుటి ట్యూషను, సాయంత్రం ట్యూషను రెండూ రాసిచ్చేస్తాం. విస్తరి ముందు నుంచి మాత్రం దయచేసి లేవండి. తమరి కుర్చీ వెనక రెండో బంతివాళ్లు ఎప్పుడో వచ్చి నిలబడ్డారు.

ఇట్లు,
కడబంతి నెల్లూరోడు