స్కూల్ అంచనా తక్కువగా ఉందా? మార్కులు చేతికొచ్చాక మీరే అప్లై చేయండి

బ్రిటన్‌లో ఇయర్ 12 చదివే పిల్లలున్న తెలుగు ఇళ్లలో జూన్ వచ్చిందంటే ఒకటే టెన్షన్. స్కూల్ ప్రెడిక్టెడ్ గ్రేడ్లు ఎలా ఇస్తుందో అని. స్కూల్ చివరి ఏడాది, అంటే ఇయర్ 13 ఆఖర్లో రాసే అసలు ఎ-లెవెల్ పరీక్షలకు ఇంకా ఏడాది ఉంటుంది, అయినా యూనివర్సిటీకి వెళ్లేది ఆ ఏడాది ముందు టీచర్ వేసిన అంచనానే. మూడు ఏ గ్రేడ్లు అడిగే కోర్సుకు పిల్లకు ఏ, బీ, బీ అని రాసిచ్చారంటే ఆ తలుపు తట్టకముందే మూసుకుపోయినట్టు. అప్పుడు ఇంట్లో జరిగేది కూడా తెలిసిందే. నాలుగు రోజులు ఏడుపులు, తర్వాత "పోనీలే, వచ్చినదాంట్లో చేరిపో" అని పెద్దవాళ్ల సర్దుబాటు.

సర్దుకోవద్దు అనే నేను చెప్తాను. పిల్లల దగ్గర నిజమైన ఆధారం ఉంటే ఆ అంచనాను మెడలో వేసుకుని తక్కువ కోర్సుకు తల వంచక్కర్లేదు. పరీక్ష రాయండి, ఫలితం చేతికి తీసుకోండి, ఆ తర్వాత స్కూల్ ద్వారా కాకుండా సొంతంగా యూకాస్‌లో (బ్రిటన్ యూనివర్సిటీల దరఖాస్తులు తీసుకునే సంస్థ) దరఖాస్తు పెట్టండి. ఒక ఏడాది పోతుందంటారు, పోనివ్వండి. ముప్పై నలభై ఏళ్లు చేయాల్సిన ఉద్యోగానికి పునాది వేసే చోటును జూన్‌లో రాసిన ఒక ఇంటర్నల్ పరీక్ష నిర్ణయించడం కంటే అది చాలా చిన్న నష్టం.

అసలు ఈ అంచనా దేని మీద నిలబడి ఉందో చూడండి. ఇంగ్లండ్‌లో 2015కు ముందు ఇయర్ 12 చివర్లో ఏఎస్ పరీక్షలు ఉండేవి. పేపర్ బోర్డుది, దిద్దేదీ బోర్డే, ఆ మార్కులు ఎ-లెవెల్‌లో సగం లెక్కకు వచ్చేవి. అంటే సెప్టెంబర్‌లో టీచర్ అంచనా వేసేటప్పుడు ఆయన చేతిలో పిల్లాడి పేరు తెలియని ఎవరో ఎగ్జామినర్ వేసిన అసలు మార్కులు ఉండేవి. ఆ ఏఎస్‌ను ఎ-లెవెల్ నుంచి విడదీశారు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వద్దని మొత్తుకుంది, ఎవరూ వినలేదు. ఇప్పుడు చాలా స్కూళ్లలో మిగిలింది ఇయర్ 12 చివర్లో స్కూలే పెట్టి స్కూలే దిద్దే పరీక్ష, దానికి తోడు క్లాసులో పిల్లల మీద టీచర్‌కు ఏర్పడిన అభిప్రాయం. కొన్ని స్కూళ్లు ఉదారంగా ఇస్తాయి, కొన్ని బిగపట్టి ఇస్తాయి, ఒకే స్కూల్లో ఫిజిక్స్ సార్ ఒక రకం, మ్యాథ్స్ మేడమ్ ఇంకో రకం. యూకాస్ తన మార్గదర్శకాల్లో అంచనా పిల్లల సామర్థ్యానికి అడ్డు రాకూడదని, వాళ్ల ప్రవర్తనను బట్టి మారకూడదని చెబుతుంది. చెప్పడం వరకే. ఆ పెట్టెలో టీచర్ ఏ అక్షరం నింపారో, ఎందుకు నింపారో బయటి నుంచి సరిచూసే వాళ్లు లేరు.

సరిచూస్తే ఏం తేలుతుందో 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన గిల్ వైనెస్ చూపించారు. పిల్లల ఉత్తమ మూడు ఎ-లెవెల్స్ తీసుకుని అంచనాలను ఫలితాలతో పోల్చితే సరిగ్గా సరిపోయినవి 16 శాతం. నూటికి పదహారు! మిగతావన్నీ పైకో కిందికో తప్పినవే. ఇంకా బాధ కలిగించే అంకె మరొకటి ఉంది. ఏ, ఏ, బీ లేదా అంతకంటే ఎక్కువ తెచ్చుకున్న తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లల్లో దాదాపు నలుగురిలో ఒకరికి స్కూల్ అంచనా అసలు ఫలితం కంటే తక్కువగా వచ్చింది. బాగా చదివి, వెనక ఎవరూ లేని పిల్లల మీదే ఆ దెబ్బ ఎక్కువ పడుతోంది.

"అదే అధ్యయనంలో 75 శాతం మందికి ఎక్కువ అంచనా ఇచ్చారని తేలింది కదా, మా పిల్లాడికే తక్కువిచ్చారని ప్రతి తండ్రీ అనుకుంటే ఎలా? రోజూ పాఠం చెప్పే టీచర్‌కు తెలియదా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చాలామంది ఇళ్లలో టీచర్ చెప్పిందే నిజమవుతుంది, కాదనను. అందుకే ఆధారం ఉంటేనే అన్నాను, తల్లిదండ్రుల కోరిక ఆధారం కాదు. ఏక్యూఏ, ఎడెక్సెల్, ఓసీఆర్ బోర్డుల పాత ప్రశ్నపత్రాలు, మార్క్ స్కీమ్‌లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. గడియారం పెట్టి రాయించండి, మీరు కాకుండా ఆ సబ్జెక్ట్ తెలిసిన బయటివాళ్లతో దిద్దించండి. నాలుగైదు పేపర్లలో ఏ గ్రేడ్ హద్దు దాటుతూ ఉంటే, పదహారేళ్లకు రాసే జీసీఎస్‌ఈ పరీక్షల్లో 8లు 9లు (9 అన్నింటికంటే పైది) ఉంటే, స్కూల్ బీ అంటున్నా నమ్మక్కర్లేదు. దాటకపోతే టీచర్ మాటే వినండి.

కానీ ఆ 75 శాతం లెక్కతో నోరు మూయించాలని చూసేవాళ్లు ఒక సంగతి దాటేస్తున్నారు. పైకి తప్పిన అంచనా, కిందికి తప్పిన అంచనా రెండూ సమానమైన తప్పులు కావు. ఎక్కువ అంచనా వచ్చిన పిల్లాడు పెద్ద యూనివర్సిటీకి అప్లై చేస్తాడు, ఇన్ని గ్రేడ్లు తెస్తే సీటు అనే కండిషనల్ ఆఫర్ వస్తుంది, ఆగస్టులో ఒక గ్రేడ్ తగ్గినా చాలా కోర్సులు సీట్లు ఖాళీగా ఉంటే తీసేసుకుంటాయి, తీసుకోకపోతే ఇన్సూరెన్స్ ఛాయిస్ అని పక్కన పెట్టుకున్న రెండో ఆఫర్ ఉంది, అదీ పోతే మిగిలిన సీట్లు నింపే క్లియరింగ్ ఉంది. కింద పడ్డా పట్టుకునే వలలు అన్ని ఉన్నాయి. తక్కువ అంచనా వచ్చిన పిల్లకు ఆఫరే రాదు. ఇంకా చెప్పాలంటే చాలామంది అసలు అప్లై కూడా చేయరు, స్కూల్లో అడ్వైజర్ "నీ గ్రేడ్లకు ఇది రియలిస్టిక్ కాదు" అని ఒక్క మాట అంటే ఐదు ఛాయిస్‌లూ కిందికి దిగిపోతాయి. ఆగస్టులో మూడు ఏ స్టార్లు (అన్నింటికంటే పై గ్రేడ్) వచ్చినా అప్పటికి వెళ్లాల్సిన చోటికి దారి ఉండదు. ఇలాంటి పిల్లల కోసం 2009 నుంచి అడ్జస్ట్‌మెంట్ అనే ఏర్పాటు ఉండేది, ఫలితం మెరుగ్గా వస్తే ఉన్న సీటు వదులుకోకుండానే కొన్ని రోజులు పై యూనివర్సిటీలో వెతుక్కునే వీలు. 2022లో దాన్నీ ఎత్తేశారు. ఇప్పుడు చేతిలో సీటు వదిలేసి క్లియరింగ్‌లోకి దూకాలి, ఆక్స్‌ఫర్డ్ లాంటివి ఆ క్లియరింగ్‌లో సీట్లే పెట్టవు.

అందుకే సొంత దరఖాస్తు. అయితే ఇందులో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. స్కూల్‌ను పక్కనపెట్టి ఇయర్ 13లోనే ఇండివిడ్యువల్‌గా అప్లై చేసేస్తే ఆ తక్కువ అంచనా వదిలిపోతుందని అనుకుంటారు. వదలదు. యూకాస్ ఫారంలో రిజిస్టర్ అయ్యేటప్పుడు స్కూల్ ద్వారానా, సొంతంగానా అని అడుగుతుంది నిజమే, స్కూల్ ఇచ్చే బజ్‌వర్డ్ అనే కోడ్ లేకుండా ముందుకెళ్లొచ్చు. కానీ చదివిన స్కూల్, రాయబోయే పరీక్షలు అన్నీ ఫారంలో చూపించాలి. రెఫరెన్స్, అంటే పిల్లల చదువు గురించిన సిఫారసు, ఎవరిస్తారో వాళ్ల ఈమెయిల్ ఇవ్వాలి, యూకాస్ వాళ్లకు లింక్ పంపుతుంది, అంచనా గ్రేడ్లు నింపేది ఆ రెఫరీయే. బంధువులు, స్నేహితులు పనికిరారు. స్కూల్లో చదువుతూ ఉండి బయటి ట్యూటర్‌తో రాయిస్తే అడ్మిషన్స్ వాళ్లకు మొదటి అనుమానం అక్కడే వస్తుంది, కొందరు నేరుగా స్కూల్‌నే అడుగుతారు. ఒక అడ్మిషన్ సైకిల్‌లో ఒక్క దరఖాస్తే కాబట్టి అలా ఆడిన ఆట తిరగబడితే ఆ ఏడాదికి అంతే.

ఫలితాలు వచ్చాక పెట్టే సొంత దరఖాస్తు సంగతి వేరు. అంచనా అనే గడే ఖాళీ, అక్కడ సాధించిన గ్రేడ్లు ఉంటాయి. రెఫరీ మంచిగా రాశారా, ముక్తసరిగా రాశారా అన్నది ఉన్నా దాని బరువు సగం తగ్గిపోతుంది. అర్హత సరిపోతే వచ్చేది షరతుల్లేని ఆఫర్. ఇక ఆ ఏడాది పిల్ల పని చేసుకోవచ్చు, కాస్త సంపాదించుకోవచ్చు, మెడిసిన్ అనుకుంటే కేర్ హోమ్‌లోనో హాస్పిటల్‌లోనో అనుభవం తెచ్చుకోవచ్చు. మెడిసిన్ ప్రవేశ పరీక్ష యూక్యాట్ స్కోర్ ఆ అడ్మిషన్ సైకిల్‌కే చెల్లుతుంది కాబట్టి మళ్లీ రాయాలి, అది గుర్తుంచుకోండి. మ్యాథ్స్ లాంటి కొన్ని విభాగాలకు గ్యాప్ ఇయర్ అంతగా నచ్చదు, ముందే మెయిల్ పెట్టి అడగడం మంచిది.

మనవాళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చిన కుటుంబాల్లో పిల్లలకు హోమ్ ఫీజా, ఇంటర్నేషనల్ ఫీజా అన్నది కోర్సు మొదటి విద్యా సంవత్సరం మొదలయ్యే రోజుకు ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస అనుమతి) చేతిలో ఉందా, అంతకు ముందు మూడేళ్లు ఇక్కడే ఉన్నారా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఇంగ్లండ్‌లో 2025-26కు హోమ్ ఫీజు గరిష్ఠంగా 9,535 పౌండ్లు, ఇంటర్నేషనల్ అయితే దానికి రెండింతలు మూడింతలు కూడా ఉంటుంది. ఐఎల్‌ఆర్ వచ్చే డిసెంబర్‌లోనో ఫిబ్రవరిలోనో ఉందనుకోండి, ఈ సెప్టెంబర్‌లో చేరితే కోర్సంతా ఇంటర్నేషనల్ ఫీజు కట్టాల్సి రావొచ్చు. సెటిల్‌మెంట్ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి మీ తేదీలు జాగ్రత్తగా చూసుకోండి, కానీ ఏడాది ఆగడం అంటే నష్టమే అన్న మాట మాత్రం చాలా ఇళ్లకు వర్తించదు.

ఇంత చేసినా ఇది పిల్లలు మోయాల్సిన బరువు కాదు, ప్రభుత్వం దించాల్సింది. ఫలితాలు వచ్చాకే అడ్మిషన్లు జరగాలని 2004లోనే ష్వార్ట్జ్ కమిటీ చెప్పింది. 2021లో ప్రభుత్వం సంప్రదింపులు మొదలుపెట్టి 2022 ఫిబ్రవరిలో వదిలేసింది. పక్కనే స్కాట్లండ్‌లో పిల్లలు సెకండరీ స్కూల్ ఐదో ఏడాదిలోనే హయ్యర్స్ అనే బోర్డు పరీక్షలు రాసి, చాలామంది ఆ అసలు మార్కులతో అప్లై చేస్తున్నారు. ఐర్లండ్‌లో స్కూల్ ఆఖరి పరీక్ష లీవింగ్ సర్ట్ ఫలితాలను బట్టే సీట్లు. ఇంగ్లండ్‌కు మాత్రమే ఎందుకు కుదరదు? 2020 ఆగస్టులో కోవిడ్ వల్ల పరీక్షలే లేకుండా, పరీక్షలను పర్యవేక్షించే ఆఫ్‌క్వాల్ సంస్థ అల్గారిథంతో గ్రేడ్లు ఇస్తే టీచర్లు ఇచ్చిన వాటిలో దాదాపు 40 శాతం కిందికి దిగాయి, పిల్లలు వీధుల్లోకి వచ్చారు, నాలుగు రోజుల్లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. రాయని పరీక్షకు ఎవరో వేసిన గ్రేడ్ అన్యాయమని ఆ రోజు దేశమంతా ఒప్పుకుంది. ప్రతి ఏడాదీ సెప్టెంబర్‌లో అదే జరుగుతుంటే ఎవరికీ పట్టడం లేదు.

మనవాళ్లకు ఇది మరీ ఎక్కువ దెబ్బ తగలడానికి ఒక కారణం మన మౌనం. పేరెంట్స్ ఈవెనింగ్‌లో ఒక్కో టీచర్ దగ్గర ఐదు నిమిషాలు, ఆ ఐదు నిమిషాల్లో ఇంగ్లిష్ తల్లి "ఈ బీకి ఆధారం ఏంటి? సెప్టెంబర్‌లో మళ్లీ టెస్ట్ పెడతారా?" అని అడిగేసి, ఇంటికెళ్లి మెయిల్ కూడా పెడుతుంది. మన అమ్మానాన్నలు "థాంక్యూ మేడమ్, ఇంకా బాగా చదివిస్తాం" అని లేచి వచ్చేస్తారు. గురువు మాటకు ఎదురు చెప్పకూడదన్న పెంపకం. ఆ గౌరవం మంచిదే, కానీ ఆధారం అడగడం అగౌరవం కాదు.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మాట్లాడుకోవాలి. మన దగ్గర ఎప్‌సెట్ ర్యాంక్ వచ్చాకే కౌన్సెలింగ్, ఆ విషయంలో మన పద్ధతి ఇంగ్లండ్ కంటే న్యాయమైనది. కానీ ర్యాంక్ కంటే ముందే అంచనా అనే కత్తి మన పిల్లల మీద పడుతోంది. హైదరాబాద్, విజయవాడ కార్పొరేట్ కాలేజీల్లో ఇంటర్ మొదటి ఏడాది నుంచే వీకెండ్ టెస్ట్ మార్కులను బట్టి సెక్షన్లు. పై సెక్షన్‌కు మంచి లెక్చరర్లు, మంచి మెటీరియల్, కింది సెక్షన్‌కు మిగిలినవాళ్లు. పదహారేళ్ల పిల్లాడికి "నువ్వు ఐఐటీ మెటీరియల్ కాదు" అని చెప్పేసి, ఆ తర్వాత ఆ మాట నిజమయ్యేలా చదువు చెబుతారు. పంట కోయకముందే దిగుబడి రాసేసి, ఆ రాసినదాన్ని బట్టి నీళ్లు వదిలినట్టు. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టడం వీలైనంతవరకు మానుకోవాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆంధ్ర నుంచి వెళ్లిన కేసు అది, మన తల్లిదండ్రుల్లో ఎంతమంది అడ్మిషన్ ఫీజు కట్టేటప్పుడు దాని గురించి అడుగుతున్నారు?

అక్కడ సెక్షన్ అడగనివాళ్లే ఇక్కడ గ్రేడ్ అడగడం లేదు. కాబట్టి ఇయర్ 12 పిల్లలున్నవాళ్లు జూలై సెలవులకు ముందే స్కూల్‌కు రాయండి: ఈ గ్రేడ్ ఏ పరీక్ష ఆధారంగా ఇచ్చారు, సెప్టెంబర్‌లో మళ్లీ అంచనా వేసే అవకాశం ఉందా, ఉంటే ఏ తేదీ అని. కుదరదంటే గొడవపడకండి, టీచర్‌తో సంబంధం చెడగొట్టుకోకండి, రేపు రెఫరెన్స్ రాయాల్సింది బహుశా ఆమే. ఇయర్ 13 ముగిసి స్కూల్ వదిలేలోపే "ఫలితాలొచ్చాక సొంతంగా అప్లై చేస్తాను, మీరు రెఫరెన్స్ ఇస్తారా" అని పిల్లే స్వయంగా అడిగి, ఆ టీచర్ ఏ ఈమెయిల్‌కు లింక్ పంపమంటారో రాసుకుని రావాలి.