యాభై వేల పెట్టుబడి సరే, పది వేళ్ల సంగతో?

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు తొమ్మిదోసారి వచ్చింది. మొదట మా తోడల్లుడు పంపాడు, "అన్నయ్యా, నీ లైనే కదా" అని. తర్వాత టెన్త్ బ్యాచ్ గ్రూపులో ముగ్గురు. నిన్న రాత్రి పక్క గదిలోంచి మా ఆవిడ, కింద నవ్వు బొమ్మ పెట్టి మరీ పంపింది.

చూడనివాళ్ల కోసం ఆ మెసేజ్ ఇదీ: "లెటర్‌ప్రెస్ శుభలేఖలకు మళ్లీ క్రేజ్! పాత ట్రెడిల్ మెషిన్ తుక్కు రేటుకు 50 వేలకే దొరుకుతుంది. ఇంట్లోనే పెట్టుకోండి. కార్డుకు ఖర్చు 10 రూపాయలు, అమ్మకం 150. డిజైన్ ఫోన్‌లో ఐదు నిమిషాలు. కరెంటు అక్కర్లేదు. పని ఎవరైనా చేయొచ్చు, సెలవుల్లో పిల్లల్ని కూర్చోబెట్టండి, టైపు పేరుస్తూ తెలుగు అక్షరాలూ నేర్చుకుంటారు. నెలకు లక్ష గ్యారంటీ." చివర మూడు దండాలు, ఒక రాకెట్టు. లెటర్‌ప్రెస్ అంటే ఉబ్బెత్తు అక్షరాలకు సిరా పూసి కాగితానికి నొక్కే పాత పద్ధతి అచ్చు. పేర్చే ఆ సీసపు అక్షరాలే టైపు. ట్రెడిల్ ఆ అచ్చు వేసే మెషిన్, కాలితో తొక్కినా నడుస్తుంది, మోటారు తగిలించినా నడుస్తుంది.

విశాఖపట్నం అల్లిపురంలో నాన్న పెట్టిన ప్రెస్సును ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నాను. ఆ లక్ష వచ్చే నెల ఏదో నాకూ చెబితే సంతోషిస్తాను. ఆషాఢం అయితే కాదు. మూఢం నెలలు అసలే కాదు.

తుక్కు రేటుకు మెషిన్ దొరుకుతుంది, నిజమే. తుక్కు రేటుకు దొరికేది తుక్కే. ఈ ఊరి ఉప్పు గాలికి సైకిలు గొలుసే ఏడాది ఆగదు, పదేళ్లు షెడ్డులో పడున్న ఇనుము ఆగుతుందా? పోనీ బాగు చేయించారే అనుకోండి. మధురవాడలో మూడో అంతస్తు ఫ్లాటులోకి ఎక్కించండి. కింది ఇంటివాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

కార్డుకు ఖర్చు పది రూపాయలట. వంద కార్డులు అనుకుందాం. కార్డు మీద రెండు రంగులు, కవరు మీద ఒకటి. అంటే మూడు ప్లేట్లు, మూడుసార్లు ఫారం (అచ్చు చట్రం) బిగించడం, మూడుసార్లు మేకరెడీ (అచ్చు అంతటా సమంగా పడేలా సర్దడం), మూడుసార్లు రోలర్లు కడగడం. వంద అయినా వెయ్యి అయినా ఈ చాకిరీ ఇంతే, అందుకే వంద కార్డుల వాళ్లకు రేటు ఎక్కువ పడుతుంది. వానాకాలంలో కాటన్ పేపరు తేమ పీల్చి సాగుతుంది. పొద్దున ఎరుపు వేసి సాయంత్రం బంగారు రంగు వేసేసరికి వినాయకుడి కిరీటం చెవి మీదకు జారుతుంది. పాడైన ఆ కార్డులు ఏ పది రూపాయల్లోకి వస్తాయి?

ఇంకో మాట. ఇప్పుడు అందరూ బొటనవేలితో తడిమి చూసే ఆ లోతు నొక్కు ఉందే, పాతవాళ్ల లెక్కలో అది తప్పు. అక్షరం కాగితాన్ని తాకాలి తప్ప గుచ్చకూడదు, గుచ్చితే టైపు అరిగిపోతుంది. కార్డు వెనక గరుకు తగిలితే నాన్న చెవి మెలేసేవారు. నేను ఇప్పుడు దానికే డబ్బులు తీసుకుంటున్నాను. కాబట్టి క్రేజ్ సంగతి ఒప్పుకుంటాను.

డిజైన్ ఐదు నిమిషాలట. పోయిన వైశాఖంలో ఒకాయన ఫోన్‌లో తయారు చేసుకొచ్చారు. "గురువారం రాత్రి 2.40కి సుముహూర్తం." నాకెందుకో అనుమానం వచ్చి పురోహితుడికి ఫోన్ చేయించాను. అది బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మారుతుంది, ఫోన్‌కు అర్ధరాత్రి మారుతుంది. చుట్టాలంతా గురువారం రాత్రి పట్టుచీరలతో దిగి, ఖాళీ మండపంలో కుర్చీలు లెక్కపెట్టుకునేవాళ్లు.

కరెంటు అక్కర్లేదన్నది మాత్రం నూటికి నూరు పాళ్లూ నిజం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకట్లో ఒక కుటుంబం పెద్దకర్మ కార్డు కోసం వచ్చింది. నాన్న కాలం నాటి సీసం టైపు పెట్టెలు తీసి, కొవ్వొత్తి పెట్టుకుని పేర్చి, కాలితో తొక్కి అరవై కార్డులు వేసిచ్చాను. ఈ మెసేజ్ రాసినవాడు ఈ ఒక్క చోట నన్ను గెలిచాడు.

ఇక పిల్లలు. ఇక్కడే నా ఓపిక అయిపోయింది.

ట్రెడిల్ అంటే కుడి చేత్తో కార్డు పెట్టాలి, ఎడమ చేత్తో తీయాలి. గంటకు వెయ్యి వేసే వేగంలో ఒక్కో కార్డుకు మూడున్నర సెకన్లు, అందులో కార్డును అచ్చుకు నొక్కే ఇనప పలక నోరు తెరిచి ఉండేది కాసేపే. కార్డు వంకరగా పడితే సర్దుదామని చెయ్యి దానంతటదే వెళ్తుంది. వేలు పోయేది అప్పుడే. మా దగ్గర మొదట నేర్పేది వంకరగా పడిన కార్డును వదిలేయడం. పక్కనున్న లివరు లాగితే అచ్చు పడకుండా ఆగుతుంది కానీ పలక మూసుకోవడం ఆగదు. మోటారు ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది.

1987 మాఘంలో, వరస ముహూర్తాల్లో, రాత్రి రెండింటికి నాన్న అలాంటి ఒక కార్డు సర్దబోయారు. అప్పటికి ఆయనది పదిహేనేళ్ల అనుభవం ఉన్న చెయ్యి. కుడి చూపుడు వేలి మొదటి కణుపు పోయింది. ఆ తర్వాత జీవితమంతా బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య టైపు పట్టుకుని పేర్చారు. అన్నం కలిపేటప్పుడు ఆ వేలొక్కటీ కంచానికి దూరంగా లేచి ఉండేది.

సరైన శిక్షణో పర్యవేక్షణో లేకుండా మైనర్లను ప్రమాదకర యంత్రాల దగ్గర పెట్టకూడదని 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 23వ సెక్షన్ చెప్పింది. మా ఇల్లు ఫ్యాక్టరీ కాదుగా అంటారేమో. ఆ తేడా పలకకు తెలీదు.

టైపుతో అక్షరాలు నేర్పే మహానుభావులకు: టైపు సీసం, అది పట్టుకున్న చేత్తో పిల్లలు జంతికలు తింటారు. పైగా టైపు మీద అక్షరం తిరగేసి ఉంటుంది. మీవాడు పలక మీద అద్దంలో చూసినట్టు 'అ' రాస్తే బడిలో మేస్టారికి ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం.

నిజంగా నేర్చుకోవాలని ఉన్నవాళ్లు ఆషాఢంలో రండి, ప్రెస్సూ ఖాళీ, నేనూ ఖాళీ. ఉంగరాలు, గాజులు, వాచీ ఇంట్లో పెట్టి రండి. పొడుగు చేతుల చొక్కా వద్దు, చున్నీ వద్దు. మొదటి వారం మోటారు వెయ్యను, కాలితోనే తొక్కాలి. పిల్లల్ని మాత్రం వెంటబెట్టుకు రాకండి.